పనీ పాటా

"పనీ పాటా లేదుటే నీకు?" అని ఆడపిల్లల్ని గదమాయించడం మన ఇళ్ళల్లో పరిపాటి. ఆ మాట అనేవాళ్ళు తామేం అంటున్నారో ఒక్కసారైనా చెవిపెట్టి విన్నారా అని నాకు అనుమానం. మన భాషలో పనీ పాటా జంటగానే తిరుగుతాయండీ. పని పక్కనే పాటకి పీట వేసినవాళ్ళు మన పెద్దలే. ఊడ్పులకి పాట, దంపుళ్ళకి పాట, తిరగలికి పాట, ఉయ్యాలకి పాట. మరి ఇవాళ ఒక పిల్ల పాటనే పనిగా పెట్టుకుంటే మనకెందుకింత ఒళ్ళుమంట?

ఎందుకంటున్నానో చెబుతాను. అమలాపురంలో మా తమ్ముడి కూతురుంది. ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తిచేసి హాస్టలు నుంచి శెలవలకి ఇంటికొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి పదిరోజులపాటు, మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని, ఒక జపాను బొమ్మల సీరియల్లోని సంగీతాన్ని ఏరి గంటసేపు వచ్చేట్టు వరసగా కూర్చుకుంది. ఇలా కూర్చిన దాన్ని మిక్స్ అంటారు వాళ్ళు. ఇంతే ఆ పిల్ల చేసిన నేరం. దానికి ఇంట్లో పెద్ద పంచాయితీ. కొత్తపేట నుంచి ఒక బాబాయిగారు, రాజోలు నుంచి ఒక పిన్నిగారు, మా తమ్ముడూ, మరదలూ అందరూ కలిసి తేల్చిందేమిటంటే, పిల్ల చెడిపోతోందిట!

వాళ్ళు మోపిన నేరాలు మూడు. ఒకటి, భాష తెలీని పరాయిదేశం గోల మనకెందుకని. రెండు, ఫోనులో వేలకొద్దీ పాటలు సిద్ధంగా ఉండగా మళ్ళీ కూర్చోవడమేమిటి, చాదస్తం కాకపోతే అని. మూడు, దీనివల్ల మార్కులొస్తాయా అని. ఇవి ఆ ఒక్క ఇంట్లో మాటలే అయితే నేను కాగితం మీద పెట్టేదాన్ని కాదు. మీ ఇళ్ళల్లోనూ ఇవే వినిపిస్తున్నాయి. అందుకని ఒక్కొక్కటే తీసుకుని జవాబు చెబుతాను.

ముందు పరాయిదేశం సంగతి. మా ఈడువాళ్ళు కాస్త గుర్తు తెచ్చుకోండి. 1993లో దూరదర్శన్‌లో 'జంగిల్ బుక్' వచ్చేది. మౌగ్లీ కనిపించేసరికి వీధిలో పిల్లలందరం టీవీ ఉన్న ఇంట్లో పోగయ్యేవాళ్ళం. ఆ బొమ్మలు ఎవరివనుకున్నారు? 1989లో జపాను వాళ్ళు తీసినవి. మనకోసమని దాని ముందు పెట్టిన హిందీ పాటకి మాటలు గుల్జార్‌వి, బాణీ విశాల్ భరద్వాజ్‌ది. కోనసీమలో అప్పుడు మాలో ఎంతమందికి హిందీ వచ్చు? అయినా ఆ పాట ప్రతివాడి నోటా ఆడేది. మా తమ్ముడైతే స్నానాలగదిలో కూడా వదిలేవాడు కాదు. ఆ తమ్ముడే ఇవాళ కూతుర్ని పట్టుకుని "జపాను బొమ్మల పాటలేమిటి" అంటున్నాడు!

ఇంకా వెనక్కి వెళితే, సిలోన్ రేడియోలో 1952లో మొదలైన బినాకా గీత్‌మాలా కోసం చెవులు కోసుకున్న అమ్మలూ పిన్నులూ హిందీ పరీక్షలు పాసై వినలేదు. అటు చూస్తే, త్యాగరాజస్వామి తెలుగు కీర్తనల్ని తెలుగు రాని తమిళులు ఎంతమంది ప్రాణం పెట్టి నేర్చుకోలేదు? వాళ్ళ ఇళ్ళల్లో కూడా "భాష తెలీని గోల" అని ఎవరైనా అడ్డుపడి ఉంటే మన త్యాగయ్య ఏమయ్యేవాడో ఆలోచించండి. అంతెందుకు, మన రాముడి కథనే యూగో సాకో అనే జపాను దర్శకుడు మనవాళ్ళతో కలిసి బొమ్మల సినిమా తీశాడు. 1992లో తయారైన ఆ సినిమాకి సంగీతం మన వనరాజ్ భాటియా ఇచ్చారు, పాటలు సంస్కృతంలో పెట్టారు. 2025 జనవరి 24న అది తెలుగు మాటలతో కూడా థియేటర్లకి వచ్చింది. జపాను వాళ్ళు మన రాముణ్ణి విన్నారు, గీశారు. మన పిల్ల వాళ్ళ పాట వింటే కొంప మునుగుతుందా?

రాజోలు పిన్నిగారికి ఇంకో మాట చెప్పాలి. రాజోలు దగ్గర శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు కట్టిన మనిషి. "బాలమురళి మా వైపు వాడేనండీ, ఆయ్" అని చెప్పుకోడానికి మనం ముందుంటాం. పాడేవాడు మనవాడు కావాలి గానీ, వినేపిల్ల మాత్రం మనింట్లో ఉండకూడదు. ఇదెక్కడి న్యాయం? చెవి పెట్టి వినేవాళ్ళు లేని ఊళ్ళో బాలమురళులు ఎల్లా పుడతారండీ?

ఇక రెండో నేరం. ఉన్న పాటల్ని మళ్ళీ కూర్చడం చాదస్తమట. ఈ మాటకి జవాబు చెప్పాలంటే ఆ పిల్ల ఏం కూర్చిందో ముందు మీకు చెప్పాలి.

సీరియల్ పేరు 'డీమన్ స్లేయర్'. మనకి కొత్తేం కాదు, ఇది కూడా వారపత్రిక సరుకే. 2016 నుంచి 2020 దాకా జపానులో ఒక వారపత్రికలో బొమ్మల సీరియల్‌గా నడిచింది. 2019లో టీవీకి ఎక్కింది, మొదటి విడతలో 26 భాగాలు. 2025 సెప్టెంబరులో దాని తాలూకు సినిమా ఒకటి తెలుగు మాటలతో మన థియేటర్లలో కూడా ఆడింది. కథ ఇదీ. కొండమీద బొగ్గులమ్ముకుని బతికే కుటుంబం. తండ్రి పోయాడు. పెద్దకొడుకు తంజిరో ఊళ్ళోకి వెళ్ళి మర్నాడు వచ్చేసరికి, రాక్షసుడి చేతిలో తల్లీ, పిల్లలూ చచ్చిపడి ఉంటారు. ప్రాణంతో మిగిలిన ఒక్క చెల్లెలు నెజుకో తానే రాక్షసిగా మారిపోతుంది. ఆ చెల్లెల్ని మళ్ళీ మనిషిని చెయ్యాలని, పగటి ఎండ తగలకుండా చెక్కపెట్టెలో కూచోబెట్టి వీపున మోసుకుంటూ తిరుగుతాడు అన్న. ఆ పిల్ల ఎవర్నీ కరవకుండా నోటికి అడ్డంగా ఒక వెదురుముక్క కట్టి ఉంటుంది.

ఈ సీరియల్‌కి సంగీతం యూకి కజియురా, గో షీనా అని ఇద్దరు కూర్చారు. కజియురా ఆడమనిషి. మొదట వచ్చే పాట పేరు 'గురెంగె', అంటే ఎర్రతామర. దానికి బాణీ కట్టింది కయోకో కుసానో అనే ఆవిడ, రాసి పాడింది లీసా అనే ఆవిడ. 2020లో ఈ కథ తాలూకు సినిమాకి కజియురా బాణీ కట్టి లీసా పాడిన 'హోమురా' పాటకి జపానులో ఆ ఏటి రికార్డు అవార్డుల్లో పెద్ద బహుమతి వచ్చింది. ఇవన్నీ నాకెల్లా తెలుసంటారా? ఆ పిల్ల నోటుబుక్కులో ప్రతి పాట పక్కనా ఎవరు కట్టారో, ఎవరు పాడారో పేర్లు రాసి పెట్టుకుంది కనక. మనలో ఎంతమందిమి రోజూ కూనిరాగం తీసే పాటకి బాణీ ఎవరిదో చెప్పగలం?

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. అది కత్తియుద్ధాల సీరియల్. అందులో సంగీతం సగానికి సగం డప్పులూ, ఉరుములూ, వీరంగాలూ. ఎవరైనా మగపిల్లాడు కూర్చుకుంటే అవే పెట్టుకుంటాడని నా ఊహ. ఈ పిల్ల పదిహేడు ముక్కలు ఏరుకుంటే అందులో యుద్ధానివి రెండే రెండు. మిగతావన్నీ ఇల్లు గుర్తొచ్చేవీ, మంచు కురిసేవీ, అన్న మోసుకెళుతుంటే దారిలో వినిపించేవీ. షకుహాచి అని వాళ్ళ వెదురువేణువు ఉంటుంది, మన పిల్లనగ్రోవికి బాబాయి లాంటిది, దాని ఊపిరి చప్పుడుతో సహా వినిపిస్తుంది. "యుద్ధాలు వదిలేశావేమే?" అని అడిగాను. "కత్తుల చప్పుడు అందరూ వింటారత్తా. పెట్టెలో ఉన్న పిల్లకి ఏం వినిపిస్తుందో ఎవరూ ఆలోచించరు. ఇది ఆ పెట్టెలో గంట" అంది.

చాదస్తమంటే ఇదేనా అండీ?

ఆ మాట వినగానే నాకు మా మామ్మ పాటల పుస్తకం గుర్తొచ్చింది. మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటుంది, పొడుగాటి లెక్కల పుస్తకం, అట్ట మీద పసుపు మరకలూ, నూనె మరకలూ. పెళ్ళిపాటలన్నీ వరసగా ఉంటాయి అందులో. నలుగు పాట, తలుపు దగ్గర పాట, పూలబంతి పాట, అలకపాన్పు పాట, అప్పగింతల పాట. ఏ పాట వెనక ఏ పాట రావాలో ఆ పుస్తకం రాసినావిడకి తెలుసు. అప్పగింతల పాట ముందు పాడేస్తే పెళ్ళికూతురు తలంబ్రాల పీట మీదే ఏడుస్తుంది. వరస అంటే అంత సంగతి. వంట వచ్చిన ప్రతి మనిషికీ ఇది తెలుసు. పప్పూ, కూరా, పులుసూ, పెరుగూ అన్నీ చేసింది ఒకే చెయ్యి అయినా, వడ్డన తెలీనివాడు ముందు పెరుగు పోసేస్తే ఆ భోజనం భోజనమేనా?

ఆ పుస్తకంలో రామాయణం పాటలు కూడా ఉండేవి. వాటిల్లో రావణవధ కంటే ఊర్మిళాదేవి నిద్ర పాటకే మా మామ్మ దగ్గర పెద్దపీట. లక్ష్మణుడు అన్నావదినెల వెంట అడవికి పోతే, ఇంట్లో మిగిలిపోయి పధ్నాలుగేళ్ళు నిద్రపోయిన ఇల్లాలి కథ. వెల్చేరు నారాయణరావుగారు మన స్త్రీల రామాయణపు పాటల మీద 1991లో అచ్చయిన ఇంగ్లీషు వ్యాసంలో ఇదే ఎత్తి చూపించారు. ఈ పాటల్లో యుద్ధాలకీ, వీరత్వానికీ కాదు, పెళ్ళిళ్ళకీ, పురుళ్ళకీ, ఇంటి లోపలి ఆడవాళ్ళ సంగతులకీ పెద్ద చోటు. కథ మార్చే అధికారం ఆ ఆడవాళ్ళకి ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. వాళ్ళు ఏరుకున్నారు. పెద్ద కథలోంచి తమకి కావలసిన ముక్కలు ఏరుకుని, వరస పెట్టుకుని, మధ్యాహ్నం పూట పాడుకున్నారు. నోరు విప్పి వాదించడానికి వీల్లేని మనిషి ఏరుకోవడంతోనే తన మాట చెబుతుంది.

విచిత్రం చూడండి, నెజుకో కూడా అన్న యుద్ధవిద్య నేర్చుకున్నన్నాళ్ళూ నిద్రే పోతుంది, రెండేళ్ళు. మా పిల్లకి ఊర్మిళ పాట తెలీదు. మా మామ్మకి జపాను ఎక్కడుందో తెలీదు. ఇద్దరూ ఏరుకున్నది మాత్రం ఒక్క మనిషినే.

"ఫోను తనే పాటలు వేస్తుందిగా" అన్న బాబాయిగారికి ఇప్పుడు చెబుతున్నాను. ఫోను వేస్తుంది నిజమే. "ఇది విన్నారు గనక అదీ వినండి" అని ఒకదాని మీద ఒకటి కుమ్మరిస్తుంది, విస్తట్లో చోటుందా లేదా చూడకుండా వడ్డించేవాడిలాగ. దానికి కావలసింది మీరు ఫోను దగ్గర్నుంచి లేవకుండా ఉండటం. మీరు ఏడుస్తున్నారో, నవ్వుతున్నారో దానికేం తెలుసు? ఆ సీరియల్ 19వ భాగం చివర తంజిరో పాట ఒకటి వస్తుంది. అన్న చావు అంచున ఉండి, తండ్రి అగ్నిదేవుడి ముందు ఆడిన నాట్యం తలుచుకుంటాడు. చచ్చిపోయిన తల్లి కూతురికి వినిపించి, అన్నని కాపాడమంటుంది. ఆ పాట గో షీనా కట్టింది. మా పిల్ల దాన్ని చివర పెట్టలేదు. ముప్పావుగంట అయ్యాక పెట్టి, దాని తరవాత రెండు చిన్న ముక్కలు, ఒట్టి వేణువూ, ఒట్టి పియానో పెట్టింది. ఎందుకంటే, "ఏడిచాక మొహం కడుక్కోడానికి టైం కావాలి కదత్తా" అంది. ఈ మర్యాద ఏ యంత్రానికి తెలుసు? పదహారేళ్ళ పిల్లకి తెలిసిందంటే సంతోషించాల్సింది పోయి పంచాయితీ పెడతామా?

మూడోది మార్కులు. ఇక్కడే నాకు ఎక్కువ కోపం.

మా తమ్ముడు ఇంటర్ చదివే రోజుల్లో వాడూ ఇదే పని చేశాడు. బజార్లో రికార్డింగు షాపుకి వెళ్ళి, తొంభై నిమిషాల ఖాళీ కేసెట్టు కొని, సినిమా పాటల లిస్టు రాసిచ్చి వచ్చేవాడు. ఒక వైపుకి నలభై అయిదు నిమిషాలు లెక్కవేసి రాయాలి, లేకపోతే చివరి పాట పల్లవి దగ్గరే తెగిపోతుంది. ఆ లిస్టు కోసం కెమిస్ట్రీ రికార్డు వెనక పేజీలన్నీ కొట్టివేతలే. ఎవరైనా ఏమన్నారా? "కుర్రాడికి సరదా" అన్నారు. మా నాన్నగారు డబ్బులిచ్చారు. ఇప్పుడు వాడి కొడుకు రోజంతా ఫోనులో బొటనవేలితో పైకి తోస్తూ కూచుంటే ఎవరూ లెక్కపెట్టరు. పెళ్ళిళ్ళలో గుండెలదిరే డీజే బాక్సులు పెట్టి కుర్రాళ్ళు గెంతితే హుషారు. ఆడపిల్ల ఎవరికీ వినపడకుండా, తన చెవులతో తాను, తను ఏరుకున్నది వింటే చెడిపోవడం!

ఎంసెట్ పేరు మార్చి 2021 నుంచి ఈఏపీసెట్ అన్నారు గానీ, ఇళ్ళల్లో దాని భయం మారలేదు. "ఈ రెండేళ్ళూ కళ్ళు మూసుకో తల్లీ, తరవాత నీ ఇష్టం" అంటాం. అంటే రెండేళ్ళు నిద్రపొమ్మని. ఆ తరవాత ఇంజినీరింగు నాలుగేళ్ళూ కళ్ళు మూసుకో, ఆ తరవాత పెళ్ళిచూపుల్లో కళ్ళు దించుకో. మరి నీ ఇష్టం అన్న రోజు ఎప్పుడొస్తుంది? వచ్చేసరికి ఇష్టమనేది ఒకటి ఆ పిల్ల దగ్గర మిగిలి ఉంటుందా? ఏ చీర కావాలే అంటే "మీ ఇష్టం", ఏం తింటావే అంటే "ఏదైనా సరే", ఏ సంబంధం అంటే "మీరెలా చెబితే అలా" అనే ఆడపిల్లల్ని చూసి బుద్ధిమంతురాలు అని మురిసిపోతాం. అది బుద్ధి కాదండీ. ఏరుకోవడం ఎప్పుడూ చెయ్యనివ్వకపోతే చేతకాకుండా పోవడం. నెజుకో నోటి వెదురుముక్క బొమ్మలో కనిపిస్తుంది గనక జాలిపడతాం. మనం కట్టేది కనిపించదు, అంతే తేడా.

పంచాయితీ చివర మా తమ్ముడు ఫోను లాక్కుని, పరీక్షలన్నీ అయ్యేదాకా పాటల మాట ఎత్తొద్దన్నాడు. హాస్టలు నియమాల ప్రకారం అక్కడ ఎల్లాగూ ఉండదు. ఉదయం అయిదింటి నుంచి రాత్రి పదకొండింటి దాకా క్లాసూ, స్టడీ అవరూ తప్ప మూడోది లేని ఆ నెలల్లో, ఆ పిల్లకి ఒక్క గంట తనదంటూ ఉంటే ఏ ర్యాంకు తగ్గుతుందో నాకు ఎవరైనా లెక్కకట్టి చూపించండి.

నేను గుడ్డిగా వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. ఆ సీరియల్లో తలలు తెగడాలూ, నెత్తుటి మడుగులూ ఉన్నాయి. పసిపిల్లల చేతికివ్వకూడదు, పెద్దవాళ్ళు ముందు చూసి తీరాలి. చెవులు పగిలేంత శబ్దం పెట్టుకున్నా, రాత్రి రెండింటి దాకా మేలుకున్నా కేకలెయ్యాల్సిందే, నేనూ వేస్తాను. కానీ అవి అతి మీద వెయ్యాల్సిన కేకలు. పాట ఏరుకున్నందుకు వెయ్యాల్సినవి కావు.

మా మామ్మ పాటల పుస్తకం ఏమైందో చెప్పలేదు కదూ. ఆవిడ పోయిన ఏడాదే ఇల్లు సర్దుతూ మగవాళ్ళు పాత పేపర్లతో కలిపి తూకానికి వేసేశారు. ఏ పాటకీ పేరు లేదు, రాసినావిడ పేరూ లేదు, ఎవరడుగుతారు? ఆ వరస ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ రాదు. పెళ్ళి వస్తే ఫోనులో ఏదొస్తే అది పెడుతున్నాం. ఒక ఆడమనిషి ఏరికూర్చినదానికి విలువ కట్టకపోతే జరిగేదిదే. ఒక తరంలో జరిగింది చాలు.

కాబట్టి ఈ శెలవల్లో మీ పిల్ల కూడా ఏ జపాను పాటలో, కొరియా పాటలో, మన పాత సినిమా పాటలో ఏరుకుంటూ కనిపిస్తే ఫోను లాక్కోకండి. పక్కన కూచోండి. చేతిలో పనసపొట్టు ఉంటే అదీ తెచ్చుకుని కొట్టుకుంటూ కూచోండి, పనీ అవుతుంది, పాటా అవుతుంది. ఒక చెవిది మీకిమ్మని అడగండి. గంట విన్నాక, "బావుంది" అని తేల్చెయ్యకండి. "ఇదయ్యాక అదెందుకు పెట్టావే?" అని అడగండి. మీ పిల్ల గురించి మార్కుల లిస్టు చెప్పని సంగతి ఏదో ఆ జవాబులో తప్పకుండా ఉంటుంది.